రాజనర్సు బిడ్డ కాలేజీ మారిన ఏడు

ఆ చలికాలం గురించి చెప్పాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి. మా రూములో ఎవరికీ బాస్కెట్‌బాల్ తెలియదు. నాకు అసలే తెలియదు. నలభై ఆరేళ్ళవాణ్ణి, పద్దెనిమిదేళ్ళుగా ఖతర్‌లో బిల్డింగులకు పరంజాలు కట్టించే మనిషిని. ఎత్తులో వేలాడే వస్తువు ఏది కనబడినా గట్టిగా బిగించారా లేదా అనే చూస్తాను. మొదటిసారి ఫోన్‌లో ఆ ఆట చూసినప్పుడు కూడా నా కన్ను బంతి మీద లేదు, ఇనుప చక్రం వెనకున్న పలక మీద ఉంది. "కింది బోల్టు ఊడింది, సూడుండ్రిరా" అన్నాను. సరిగ్గా అప్పుడే రాజనర్సు బిడ్డ బంతి వేసిందట. నా గోలలో పడి ఎవరూ చూడలేదు. అందరూ కలిసి నన్ను తిట్టారు.

మాది దోహాలోని నజ్మాలో, ఇళ్ళకు డబ్బు పంపే ఆఫీసుల వెనక సందులో, పాత ఇంటి మేడ మీద గది. నాలుగు మంచాలు, నలుగురం. నేను మారుతిని. రాజనర్సు మా పక్క ఊరివాడు, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. తొమ్మిదేళ్ళ కింద మా కంపెనీలో వీసా ఇప్పించి నేనే తెచ్చాను. ఆ మాట నెలకోసారైనా ఎవరో ఒకరితో అనకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. మూడోవాడు భూమేష్, ముప్పై దాటని ఎలక్ట్రీషియన్, నేను ఔనంటే కాదనడానికే పుట్టాడు. నాలుగోవాడు గయాజ్, నిజామాబాద్ మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు. మాట తెలుగులో ఎక్కించి దక్కనీలో దించేవాడు.

సుమలత రాజనర్సుకు ఒక్కతే కూతురు. మా మండలం డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం. ఆరడుగులకు మూడు వేళ్ళు తక్కువ. ఆ ఎత్తు చూసి వాళ్ళమ్మ గంగాబాయి దిగులుపడితే, కాలేజీలో ఆటలు నేర్పే శ్రీరామమూర్తి సార్ సంబరపడ్డాడు. పిల్ల చేతికి బంతి ఇచ్చి, ఇంకో ఏడుగురు ఆడపిల్లల్ని పోగేసి టీమ్ చేశాడు. మాకు సెలవు శుక్రవారమే అని తెలిసి, వీలైనప్పుడల్లా మ్యాచ్ శుక్రవారం నాలుగింటికి పెట్టించేవాడు. తన ఫోన్‌ను గోడకు ఆనించి లైవ్ పెట్టేవాడు. అక్కడ నాలుగంటే మాకు ఒంటిగంటన్నర. జుమా నమాజు చేసుకుని గయాజ్ అత్తరు వాసనతో వచ్చేసరికి మా కూర దిగేది. ఊళ్ళో మమ్మల్ని 'దుబాయ్ ఫ్యాన్స్' అనేవారు. ఖతర్ వేరే దేశమని చెప్పీ చెప్పీ మానేశాం.

ఆట నేర్పినవాడు రోడెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి, మా కంపెనీ స్టోర్‌కీపర్. ఒకరోజు సైట్లో అన్నం తింటూ పాత మ్యాచ్ చూస్తున్నాం. సుమలత బంతి పట్టుకుని పరిగెత్తిందని సీటీ కొడితే నేను రిఫరీని బూతులు తిట్టాను. రోడెల్ చేతిలోని హెల్మెట్ల పెట్టె కింద పెట్టి వచ్చాడు. "భాయ్, బాల్ కొట్టకుండా నడిస్తే మాఫీ" అన్నాడు. ఇక్కడి మాటలో మాఫీ అంటే కుదరదని. వాళ్ళ దేశంలో పిల్లలు నడక కన్నా ముందు ఈ ఆట నేర్చుకుంటారట. మా అజ్ఞానం చూసి తట్టుకోలేకపోయాడు పాపం. ఆ వారం నుంచి శుక్రవారాలు మా రూముకే వచ్చేవాడు. మంచాల మధ్య కూరగాయల బుట్ట పెట్టి, ఉల్లిగడ్డలతో మాకు డిఫెన్స్ చెప్పేవాడు.

డిసెంబరులో బూట్ల సంగతి వచ్చింది. సుమలత మామూలు కాన్వాసు బూట్లతో ఆడి చీలమండ బెణికించుకుంది. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక దుకాణంలో అసలైన బాస్కెట్‌బాల్ బూట్లు దొరుకుతాయని రోడెల్ చెప్పాడు. సైజు కావాలి. పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి ఫోటో పంపమన్నాను. పంపింది. గయాజ్ ఆ ఫోటోను జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద తీయించి, కత్తిరించి, దుకాణంలో బూట్ల మీద పెట్టి కొలిచి మరీ కొన్నాడు. ఇంటికి తెచ్చాక భూమేష్ తన కాలు పెట్టి చూశాడు. ఇంకో కాలు కూడా అందులోనే పట్టింది.

"ఫోటో ఎంత పెద్దగ తీస్తే పాదం గంత పెద్దగైతది గదనే!" అన్నాడు భూమేష్ నవ్వు ఆపుకోలేక. "మన సుమలత ఏమన్న ఏనుగా?"

"కాగజ్ పే జో థా వహీచ్ లాయా భాయ్" అన్నాడు గయాజ్ ఉడుక్కుంటూ. "కాగితం మీద ఉన్నదే తెచ్చిన, నా గల్తీ ఏమున్నది?"

రోడెల్ మంచం మీద పడి కడుపు పట్టుకుని దొర్లాడు. ఆ బూట్లు మార్చి, సరైన జత తీసుకుని, సెలవు మీద ఊరికి పోతున్న మా మండలం మనిషి డబ్బాలో పెట్టించాం. గల్ఫ్ నుంచి ఇంటికి పోయేవాడి డబ్బాలో సగం వాడిది కాదు, అది మా రివాజు. జండూబామూ సబ్బులూ పెట్టే చోట ఆ ఏడు బూట్లు పోయాయి. పిల్ల అవి తొడుక్కుని దిగిన ఫోటో నెల రోజులు నా ఫోన్ మీద ఉంది. మా ఆవిడ చూసి మన పిల్లల ఫోటో ఏదని అడిగింది.

జనవరిలో బెంగుళూరులో దక్షిణాది కాలేజీల టోర్నమెంటు. మా మండలం పేరు అక్కడ మైకులో వినబడడమే మాకు పండగ. ఎవరూ అనుకోని విధంగా సెమీఫైనల్ దాకా పోయారు. అదృష్టం కొద్దీ అది శుక్రవారం పడింది. అవతలిది మద్రాసు కాలేజీ, అందరూ ఒక్క తీరు చొక్కాలు, ఒక్క తీరు జడలు. మా వాళ్ళలో ఆడగలిగింది ఆరుగురే. నేను మంచం మీద నిలబడి సీలింగు ఫ్యానుకు తల కొట్టుకున్నాను. గయాజ్ ఎవరికీ అర్థంకాని దువాలు చదివాడు. రాజనర్సు మాత్రం స్కోరు చూసేవాడు కాదు. బిడ్డ కింద పడిన ప్రతిసారీ "లేసిందా?" అని అడిగేవాడు, లేచిందని చెబితే మళ్ళీ ఊపిరి పీల్చేవాడు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. మా స్కోరులో ఇరవై ఏడు పిల్ల ఒక్కతే వేసింది. ఆ పూట ఓడినందుకు ఏడ్చామో, ఆ ఇరవై ఏడుకు ఏడ్చామో నాకిప్పటికీ తెలియదు.

నా జీవితంలో అంత సుఖమైన శుక్రవారాలు లేవు. పెళ్ళయిన కొత్తలో కూడా లేవని మా ఆవిడ వినకుండా చెబుతున్నాను.

ఫిబ్రవరిలో కబురు వచ్చింది. ఆ మద్రాసు కాలేజీవాళ్ళు సుమలతను రమ్మన్నారు. రెండో సంవత్సరం నుంచి సీటు, హాస్టలు, తిండి, కోచింగు అన్నీ వాళ్ళవే. చెక్క నేల ఉన్న లోపలి కోర్టు. మార్చి ఆఖరులోగా తండ్రి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిన కాగితం పంపాలి. పంపకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు పోతుంది.

వార్త ముందు 'మన కాలేజ్ మన ఆట' అనే వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో దోహా, దుబాయి, రియాద్, మస్కట్ అన్నీ ఉన్నాయి. సాయంత్రానికి నూట నలభై మెసేజీలు. సగం మంది పోవాలన్నారు, సగం మంది పోతే మళ్ళీ ముఖం చూడం అన్నారు. ఎవడో మస్కట్ నుంచి, ఆట అంటే కబడ్డీయే, మిగిలినవన్నీ దండగ అని పెట్టాడు. వాణ్ణి ఇరుపక్షాలూ తిట్టాయి.

మా రూములో పోవద్దనేవాళ్ళకు నేనే పెద్దను.

"మన కాలేజీకి పేరొచ్చిందే ఇప్పుడు" అన్నాను. "సార్ ఎండల నిలవడి నేర్పిండు. నేర్సుకున్నంక వేరేటోళ్ళకు ఆడుడేంది? ఏరు దాటినంక తెప్ప కాలబెట్టినట్టు!"

"సారే పొమ్మంటుండట గదనే" అన్నాడు భూమేష్. "మద్రాసోళ్ళతోని మాట్లాడింది గూడ సారే."

"సార్ మంచోడు గనుక అన్నడు. మంచోళ్ళు అన్నంత మాత్రాన మనం పట్టుకోవాల్నా?"

"మనకాడ ఏమున్నదే? పగుళ్ళ సిమెంటు, ఒక్క బంతి. అవ్వ పెట్టది, అడుక్క తిననియ్యది అన్నట్టున్నది నీ ముచ్చట."

గయాజ్ రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు. "బచ్చీ పోతే మంచిదే. లేకిన్ అరవ దేశం, సాంబార్ ఖానా. హమారీ బచ్చీ కైసా రహేగీ? ఎట్లుంటది?" అని నిట్టూర్చాడు. తను ఈ ఎడారికి వచ్చి పదమూడేళ్ళయిన సంగతి మరిచిపోయి అన్నాడు ఆ మాట.

రోడెల్‌ను అడిగాం. వాళ్ళ దేశంలో ఇది ప్రతి ఏడూ ఉండే గొడవేనట. ఆటగాడు కాలేజీ మారితే అభిమానులు వాడి చొక్కా తగలబెడతారట. మరి తర్వాత అని అడిగితే, "తర్వాత కొత్త చొక్కా కొంటారు భాయ్" అన్నాడు.

రాజనర్సు ఈ గొడవంతా వింటూ మూలన కూర్చుని మెంతికూర తెంపుతూ ఉండేవాడు. నువ్వేమంటావని ఒక్కసారి కూడా మేం అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ పిల్ల మా అందరిదీ అయిపోయింది, అతనిది అన్న సంగతే మరిచిపోయాం.

మార్చి మొదట్లో రంజాన్ వచ్చింది. రెండో శుక్రవారం, మధ్యాహ్నం. గయాజ్ ఉపవాసం ఉన్నాడని మేం కూడా గదిలో పొయ్యి వెలిగించలేదు. రాజనర్సు తన మంచం మీద ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అతను రాయలేడు, బిడ్డతో ఏ మాటైనా గొంతుతోనే పంపుతాడు. మా గదిలో ఎవరు ఫోన్లో మాట్లాడినా మిగతా ముగ్గురం వింటాం. అది తప్పని మాకు అనిపించదు, మెట్లు దిగి పోతే తప్ప వేరే చోటు కూడా లేదు.

"బిడ్డా, మంచిగున్నవా... ఆ కాగితం సంగతి..." అని మొదలుపెట్టి ఆగాడు.

నేను అందుకున్నాను. ఇవాళ తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. "ఏం చెప్తవురా? గట్టిగ చెప్పు! మనం ఇంతమందిమి కండ్లల్ల పెట్టుకుని చూస్తిమి. బూట్లు పంపితిమి. ఇయ్యాల పెద్ద కాలేజీ పిలిస్తే ఉరుకుతదా? ఉప్పు తిన్నకాడ ఉండనోళ్ళు ఎన్నడు బాగుపడరు. అది మద్రాసు పోతే ఇగ మా పిల్ల గాదు, గంతే!"

భూమేష్ నా మీద లేచాడు. నేను వాడి మీద లేచాను. గయాజ్ "రోజే మే లడాయీ నక్కో" అంటూ, ఉపవాసం పూట కొట్లాట వద్దని మధ్యలో దూరాడు. నాలుగైదు నిమిషాలు నడిచింది ఆ గొడవ. చల్లారాక రాజనర్సు ఫోన్ తీసి చూసి, ఏదో నొక్కి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

జరిగింది తర్వాత తెలిసింది. మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుని మాట్లాడాలి కదా, ఆ వేలు కాస్త పైకి జారితే తాళం పడుతుంది. వేలు తీసినా రికార్డు అవుతూనే ఉంటుంది. సిమెంటుకు పగిలిన బొటనవేళ్ళతో మాలో చాలామందికి ఇది జరుగుతుంది. పక్కన పెట్టిన ఫోన్ మా గొడవంతా మింగింది. తను అన్న నాలుగు మాటలే పోతున్నాయనుకుని రాజనర్సు బాణం గుర్తు నొక్కాడు.

సుమలత జవాబు గురువారం సాయంత్రం వచ్చింది, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా. ఎప్పటిలాగే రాజనర్సు అందరికీ వినబడేలా పెట్టాడు.

"బాపూ, నువ్వు పంపింది మొత్తం విన్న. నాలుగుసార్లు విన్న. మారుతి పెదబాపు అన్నది నిజమే. మీరు అంత దూరంల ఉండి నా కోసం కూసుంటున్నరు. నేను యాడికి పోను. సోమారం నాడు మద్రాస్ సార్‌కు ఫోన్ చేసి వద్దని చెప్త. కోపం చేయకుండ్రని పెదబాపుకు చెప్పు. బూట్లు నేను మంచిగనే పెట్టుకున్న, కావాల్నంటే ఎవరికన్న ఇయ్యొచ్చు. మీ పిల్లను గానని మాత్రం అనకుండ్రి."

నేను చప్పట్లు కొట్టాను. సిగ్గుచేటు, కానీ కొట్టాను. "శభాష్! నేను చెప్పలేదా, మన పిల్ల అని!" గయాజ్ కూడా ఒకటి రెండు కొట్టి ఆగిపోయాడు. భూమేష్ నన్ను పురుగును చూసినట్టు చూశాడు. నేను తిరిగి చూసేసరికి రాజనర్సు గదిలో లేడు.

మేడ మీద నీళ్ళ ట్యాంకుల పక్కన నిలబడి ఉన్నాడు. కింద సందులో ఇఫ్తార్ కోసం ఖర్జూరాలు పంచుతున్నారు. నేను పోయి భుజం మీద చెయ్యి వేశాను. "గంత మంచి వార్త వస్తే గీడ నిలవడ్డవేంది తమ్మీ?"

అతను నా చెయ్యి తీసేయలేదు, నా వంక చూడనూ లేదు. "అన్నా, రువైస్ పోర్టు కాడ ఒక కంపెనీ ఉన్నది, ఎరికేనా? పడవల రిపేరు పని. నన్ను రెండుసార్లు పిలిచిండ్రు. ఒకసారి ఐదేండ్ల కింద, ఒకసారి నిరుడు. మేస్త్రి పని. నేను ఊర్ల చేసిన పనే, కర్ర పని."

"నాకు చెప్పలేదే?"

"ఏమని చెప్త? నువ్వు వీసా ఇప్పిచ్చి తెచ్చినవు. నేను పోతే మేనేజర్ కాడ నీ మాట పోతదనుకున్న. రూముల నలుగురి ముంగట నువ్వు ఆ మాట అంటుంటివి గద, నేను తెచ్చిన నేను తెచ్చిన అని. నాకు పోబుద్ధి గాలే." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను ఆగిన, పోనీ. నా బతుకు. ఇయ్యాల నా బిడ్డ గూడ ఆగుతాంది. నా తీరుగనే, నలుగురు ఏమంటరో అని."

అజాన్ మొదలయింది. కింద అందరూ ఒక్కసారిగా ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. తొమ్మిదేళ్ళు నా పక్క మంచంలో పడుకున్న మనిషి చెక్క పని చేయగలడని కూడా నాకు తెలియదు. పరంజా గొట్టాలు మోస్తున్నాడు కాబట్టి మోసేవాడే అనుకున్నాను.

మరునాడు శుక్రవారం. మ్యాచ్ లేదు. నేను ఫోన్ పట్టుకుని మెట్లు దిగాను. నజ్మాలో ఒక మనిషి ఒంటరిగా నిలబడి నాలుగు మాటలు చెప్పుకునే చోటు వెతకడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. సందులో బళ్ళ హారన్లు, మంగలి షాపులో పాటలు, టైపింగు సెంటరు ముందు జనం. చివరికి మూసి ఉన్న టైలరు దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. రెండుసార్లు చెప్పి చెరిపేశాను. ఆ రెంటిలో నేను పెద్దమనిషిలా సలహా చెప్పాను. మూడోసారి ఉన్నమాట చెప్పాను.

"బిడ్డా, నేను మారుతి పెదబాపును. మొన్న నేనన్నది నీకు వినాలని అనలే, అయినా అన్నదైతే నిజం. అట్ల అనుడు తప్పు. కాలేజీ మీద ప్రేమతోని అన్ననని చెప్పుకుంటున్న, అది గూడ అబద్ధమే. శ్రీరామమూర్తి సార్ మీద నాకేం ప్రేమ? నువ్వు పోతే మాకు శుక్రారం నాలుగ్గంటల మ్యాచ్ ఉండదు. ఇక్కడ మాకు ఆ ఒక్క పూట తప్ప ఏం లేదు బిడ్డా. గందుకు అన్న. మా పూట కోసం నీ బతుకు ఆపుడు పాపం. నువ్వు పో. నువ్వు యాడికి పోయినా మా పిల్లవే. కాగితం మీద మీ బాపు సంతకం నేనే పెట్టించి పంపుత."

పంపేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. అరగంటకు ఒక బొమ్మ వచ్చింది, దండం పెడుతున్న చేతులు. అంతే. అంతకన్నా నాకు దక్కవలసింది కూడా లేదు.

ఆ సాయంత్రమే టైపింగు సెంటరులో ఇంగ్లీషు కాగితం రాయించాను. రాజనర్సు సంతకం చేయడానికి ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. గయాజ్ ఆ కాగితాన్ని ఫోటో తీయబోతే భూమేష్ ఫోన్ లాక్కున్నాడు. "నువ్వు ఫోటో తీయకన్నా. నీ ఫోటోకు సంతకం గూడ ఏనుగంత అయితది" అన్నాడు. అందరం నవ్వాం. రాజనర్సు కూడా నవ్వాడు, చాలా రోజులకు.

మే నెలలో ఎండలు ముదిరాయి. సుమలత పరీక్షలు అయిపోయాయి, టీసీ చేతికి వచ్చింది, మద్రాసు రైలెక్కింది. సార్ స్టేషనుకు పోయి ఎక్కించి వచ్చాడట. గ్రూపులో వారం రోజులు ఎవరూ ఏమీ పెట్టలేదు. తర్వాత ఎవరో పెళ్ళి కార్డు పెట్టారు.

ఆ నెలలోనే ఒక శుక్రవారం రాజనర్సు నా మంచం అంచున కూర్చున్నాడు. "అన్నా, రువైసోళ్ళు మల్ల ఫోన్ చేసిండ్రు" అన్నాడు.

"మంచిది" అన్నాను.

"పోదామనుకుంటున్న. నువ్వేమంటవు?"

ఇప్పుడు కంపెనీ మారడానికి పాత కంపెనీ రాసిచ్చే కాగితం అక్కర్లేదు. ఫోన్లోనే నోటీసు పెట్టుకోవచ్చు. నాలాంటివాడి ఒప్పుదల అంతకన్నా అక్కర్లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా అడిగాడు. తెచ్చినవాణ్ణి అడగకుండా కదలకూడదని అతని లెక్క. తొమ్మిదేళ్ళలో అతను ఆ మాట అడిగే సందు కూడా నేను ఇవ్వలేదు.

"నాకు బాధగనే ఉంటది" అన్నాను. "దాచుడెందుకు. నువ్వు లేని రూము నాకు ఒద్దనిపిస్తది. అయినా పో."

అతను తల ఊపాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని అతని ఫోన్లో ఒక్కొక్క గడీ నింపాను. పేరు, నంబరు, పాత కంపెనీ, కొత్త కంపెనీ. అన్నీ అయ్యాక కింద ఒక నీలం గడి మిగిలింది.

"నొక్కన్నా" అన్నాడు.

"నేను నొక్క. నీ వేలు పెట్టు."

అతను బొటనవేలిని లుంగీకి తుడుచుకుని నొక్కాడు. పగిలిన వేలును ఫోన్ గుర్తుపట్టలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారికి పోయింది.

ఇప్పుడు అతని మంచంలో సిరిసిల్ల మనిషి ఒకడున్నాడు, నలభై దాటినవాడు, మంచివాడే. భూమేష్ ఇంకా నేను ఔనంటే కాదంటున్నాడు. రోడెల్ వేరే సైటుకు పోయాడు. గయాజ్ మాత్రం జుమా అయ్యాక అదే అత్తరుతో వస్తాడు.

మొన్నటి శుక్రవారం మద్రాసు కాలేజీ మ్యాచ్. ఇప్పుడు లైవ్ నాలుగు కెమెరాలతో వస్తుంది, ఏ ఫోనూ గోడ మీంచి జారి పడదు. రాజనర్సు రువైస్ నుంచి ఫోన్ చేశాడు. అతను అక్కడ చూస్తాడు, నేను ఇక్కడ చూస్తాను, ఫోన్ చెవికి పెట్టుకుని ఇద్దరం కలిసి చూస్తాం. అతని వెనక గాలి, సముద్రపు పక్షుల అరుపులు, ఎవరో చెక్క కోస్తున్న చప్పుడు. ఇంకా బిడ్డ పడితే "లేసిందా?" అనే అడుగుతాడు.

ఆఖరి నిమిషం. స్కోరు సమానం. పది సెకన్లున్నాయి. బంతి సుమలత చేతికి వచ్చింది. ఎదురుగా ఇద్దరు అడ్డం నిలబడ్డారు. నేను మంచం మీద లేచి నిలబడ్డాను, ఫ్యాను సంగతి గుర్తొచ్చి వంగాను.

చెవిలో రాజనర్సు కేక పెట్టాడు. నోటి మాట కాదు అది. తొమ్మిదేళ్ళు పక్క మంచంలో ఉండి ఎన్నడూ అంత గట్టిగా అరవని మనిషి, పడవలన్నీ ఉలిక్కిపడేటట్టు సంబరంతో అరిచాడు. వాళ్ళ దగ్గర నెట్టు మాకన్నా రెండు మూడు సెకన్లు ముందు నడుస్తుంది.

నా ఫోన్లో బంతి ఇంకా పిల్ల చేతిలోనే ఉంది. నాకు కళ్ళు మసకబారాయి.

"ఏస్తదా అన్నా?" అన్నాడు సిరిసిల్ల మనిషి ఊపిరి బిగబట్టి.

"సూస్తుండు" అన్నాను.